టేకి తామ్రశాసనమును వెదకిన త్రోవ



ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్ను కోరినప్పుడు, మన పూర్వుల వైభవమునుగూర్చి యింకొక ప్రశంస వ్రాయుదునని వారు తలఁచియుందురు. వారి తలఁపునకు నేనే కారకుఁడను. ఇరువది రెండు సంవత్సరముల క్రిందట ఇట్టి సంచికయందే నేనొక వ్యాసము వ్రాసితిని. గాండ్ల, తెలికుల, దేవతిలకుల నామములతో నేఁడు వ్యవహరింపఁబడు మనవారు చాళుక్యరాజవంశజులనియు, అయోధ్యనుండి దక్షిణాపథమునకు వచ్చినవారనియు, ఇందులకు తామ్రశాసనము ప్రమాణమనియు అందు నొక్కి చెప్పితిని. ఆ శాసనమేది? దానినెవరు ప్రకటించిరి? ఏ సంపుటము, ఏ పుట? ఇవి యేవియు వ్రాయలేదు. కారణమొక్కటే: నాకు తెలియదు. నాకు పూర్వము వెలువడిన యొక చిన్న పుస్తకమునుండి దానిని గ్రహించితిని. ఆ పుస్తకకర్త మఱియొక పుస్తకమునుండి గ్రహించియుండును.

ఆ వ్యాసము పదిమందికి నచ్చినది. దానిలోని వాక్యములు తరువాతి సంచికలలోనికిని, పెండ్లిపత్రికలలోనికిని, సభాద్వారమున గట్టు గుడ్డపటములమీఁదికిని ఎక్కినవి. నేనును సంతోషించితిని. గత సంవత్సరము మన విద్యార్థివసతిగృహమున నుండి చరిత్రలో ఎం.ఏ. చదువుచున్న చిన్నవాఁడొకఁడు ఆ పాత సంచికను చేతఁబట్టుకొని మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీరు వ్రాసిన శాసనము ఏదండీ? మా ప్రొఫెసరుగారు ఆధారము చూపుమన్నారు" అని యడిగినాఁడు. నేను సంస్కృతము చదివినవాఁడను. ముప్పది యేండ్లకుపైగా పాఠశాలలో పాఠములు చెప్పినవాఁడను. ప్రమాణము చూపక శ్లోకమున కర్థము చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గించుట నా యలవాటు. ఆ పూఁట నేనే తలవంచుకొనవలసి వచ్చినది. "వెదకి చెప్పెదను, పదిదినములలో రమ్ము" అంటిని. పదిదినములు పదునొకండు నెలలైనవి. ఆ వెదకులాట యొక్క కథయే యీ వ్యాసము.

నేను మొదట చేసినది యెల్లరును చేయునదియే. మనుమరాలి కంప్యూటరుముందు కూర్చుండి, ఇంటర్నెట్టున వెదకుపెట్టెలో తెలుఁగున "తెలికుల శాసనము" అని కొట్టితిని. క్షణములో పుటలకుఁ బుటలు వచ్చినవి. అన్నిటను ఒకే మాట: చాళుక్యవంశము, అయోధ్య, తామ్రశాసనము. ఇందఱు చెప్పుచుండఁగా నిజము కాకపోవునా యని తోఁచినది. రెండవనాఁడు నిదానముగ చదువఁగా ఆ పుటలలో నొకదానియందు నా పాత వ్యాసమే, అచ్చుతప్పులతో సహా, నా పేరు మాత్రము లేక, దర్శనమిచ్చినది. పదిచోట్ల కనఁబడిన యా సాక్ష్యమునకు మూలము నేనే! నేనిచ్చిన నాణెమే పదిచేతులు మాఱి, వడ్డీతో నా చేతికి వచ్చినది.

అప్పటినుండి జనసామాన్యపు పుటలను విడిచి, పండితులు వ్యవహరించు గ్రంథభాండారములలో వెదకుట కారంభించితిని. ఈ తరమువారికి కలిగిన సదుపాయము మా తరమునకు లేదని యొప్పుకొనక తప్పదు. 1892లో తొలిసంపుటము పూర్తియైన ఎపిగ్రాఫియా ఇండికాను చూడవలెనన్న, మా కాలమున మదరాసునకో హైదరాబాదునకో పోయి, పరిచయపత్రము చూపి, గ్రంథాలయాధికారి దయకై వేచియుండవలసినదే. నేఁడు ఆ సంపుటములును, ఇండియన్ ఆంటిక్వెరీయు, దక్షిణభారత శాసనముల సంపుటములును స్కాను చేయఁబడి ఇంటర్నెట్ ఆర్కైవు మొదలగు భాండారములలో నున్నవి. వెలయీయక చదువుకొనవచ్చును. ఆధునిక పండితుల వ్యాసములకు జేస్టోర్ అను డేటాబేసు కలదు. భారత చరిత్ర మహాసభ వారి వార్షిక వ్యాససంపుటములు అందు చేరియున్నవి. నమోదు చేసికొన్నవారు నెలకు కొన్ని వ్యాసములను ఉచితముగఁ జదువుకొనవచ్చును. మన విశ్వవిద్యాలయములలో సమర్పింపఁబడిన పరిశోధనగ్రంథములకు శోధగంగ యను భాండారమున్నది. ఇంత సంపద యింటిలోనే యుండఁగా చిన్నపుస్తకముమీఁద నేల యాధారపడితినని నన్ను నేను నిందించుకొంటిని.

అయినను భాండారము తెఱచియున్నంతమాత్రమున వస్తువు చేతికి వచ్చునా? నెలదినములు నాకేమియు దొరకలేదు. లోపము నాదియే. శాసనములను తొలుత ప్రకటించిన పండితులు ఆంగ్లమున వ్రాసిరి. మన పేరులను రోమను లిపిలో నెవరి పద్ధతిని వారు వ్రాసిరి. 'తెలికి' యని యొకరు, 'తెలిక' యని మఱియొకరు, 'తైలిక' యని సంస్కృతీకరించి వేఱొకరు. నేఁటి విజయవాడ యొకచోట విజయవాట, ఒకచోట బెజవాడ, తెల్లవారి కాలపు పుస్తకములలో బెజ్వాడ. ఇది యట్లుండఁగా, ఆనాఁటి ముద్రాపకులు దీర్ఘమైన ఓకారమును సూచించుటకు రోమను అక్షరముపైన చిన్న గొడుగువంటి గుర్తు నుంచిరి. స్కాను చేసిన పుటను చదివి అక్షరములుగ మార్చు యంత్రము ఆ గొడుగుతోడి యక్షరమును చూచి తికమకపడి, దానిని ఆఱు అంకెగఁ జదువును! చోడుఁడు అంకెలు కలసిన వింతపదమై కూర్చుండును. మనము సరిగా కొట్టినకొలఁది ఆ పుట మనకు దొరకదు. ఇది తెలిసినపిదప, ఒక మాటను ఆఱేడు విధముల తప్పుగను, ఒప్పుగను వ్రాసి వెదకుట నేర్చుకొంటిని. జీవితమంతయు వర్ణక్రమదోషములు దిద్దినవాఁడు అఱువదిదాఁటినపిదప వానిని కావలెనని చేయుట విధివిలాసము.

తెలుఁగు పుస్తకముల విషయము మఱియు చిక్కు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, 1910లో ప్రథమభాగము వెలువడిన గ్రంథము, స్కాను చేయఁబడియున్నది. కాని భారతీయ డిజిటల్ గ్రంథాలయమువారి పట్టికలలో తెలుఁగు పేరులు రోమను లిపిలో తోఁచినట్లు వ్రాయఁబడుటచే ఒక్క పుస్తకమే నాలుగు పేరులతో నాలుగు చోట్ల నుండును. పైఁగా పెక్కు గ్రంథములు బొమ్మలుగనే యున్నవి. లోపలి మాటను వెదకుటకు వీలులేదు. ఒక్కొక్క పుటను త్రిప్పవలసినదే. ఈ పనికి కంటియద్దములు మార్పించుకొంటిని.

మఱియొక భ్రమను చెప్పెదను. నాకు కావలసిన శాసనము చోడగంగుఁడను రాజుదని పాత పుస్తకములో నుండెను. ఆ పేరు కొట్టఁగానే వందలకొలఁది వ్యాసములు వచ్చినవి. రెండు వారములు చదివితిని. అవి యన్నియు కళింగమునేలిన అనంతవర్మ చోడగంగునివి. పురీ జగన్నాథాలయ నిర్మాణమునకు ప్రసిద్ధుఁడైన గంగవంశపు రాజతఁడు, 1078లో రాజ్యమునకు వచ్చినవాఁడు. మనకు కావలసినవాఁడు రాజరాజ చోడగంగుఁడు. చాళుక్యచోళ చక్రవర్తియైన ప్రథమ కులోత్తుంగుని కుమారుఁడు, తండ్రి పక్షమున వేంగిని పాలించుటకు శకవర్షము 1006, అనఁగా 1084లో నియమితుఁడైనవాఁడు. ఇద్దఱును సమకాలికులు, పేరొకటే, ప్రాంతములు ప్రక్కప్రక్కనే. యంత్రమున కిద్దఱు నొక్కరే. ఈ భేదము నాకు తెలిసినది యంత్రమువలనఁ గాదు. నేలటూరి వేంకటరమణయ్యగారు 1950లో వెలువరించిన తూర్పుచాళుక్యుల చరిత్ర చదువుటవలన తెలిసినది. ముందొక మంచి గ్రంథమును సాంతముగఁ జదివినవానికే డేటాబేసు ఫలించునని యప్పుడు తెలిసికొంటిని. అటుపిమ్మట అధోజ్ఞాపికలను పట్టుకొని వెనుకకు నడచితిని. ఒక వ్యాసమునుండి దానికి పూర్వపు వ్యాసమునకు, దానినుండి మూలమునకు.

అట్లు నడువఁగా నడువఁగా మూలము దొరకినది. ఎపిగ్రాఫియా ఇండికా ఆఱవ సంపుటము, 1900–01. గోదావరి మండలమున టేకి గ్రామమునఁ బుట్టిన తామ్రశాసనము, ప్రకటించినవారు జర్మనుదేశీయుఁడైన హుల్ట్జు పండితుఁడు. మూలము సంస్కృతము. రాత్రి పదునొకండు గంటలకు ఆ పుట తెరపైఁ గనఁబడినప్పుడు నేను కుర్చీనుండి లేచి నిలుచుంటినని మనుమరాలు నేఁటికిని నవ్వుచుండును. సంస్కృతము చదివినందులకు ఫలము ఆ రాత్రి యనుభవించితిని. ఆంగ్లసంగ్రహముకొఱకు వేచియుండక మూలమునే చదివితిని.

అందేమున్నదో చెప్పెదను. కులోత్తుంగుని పదునేడవ రాజ్యవర్షమున, అనఁగా 1086–87 ప్రాంతమున, రాజరాజ చోడగంగుఁడు తెలికికుటుంబములవారికి కొన్ని మర్యాదల ననుగ్రహించెను. తెలికివేవురు, అనఁగా వేయిమంది తెలికులు, అను సమూహమునకు చెందినవారు వీరు. విజయవాట సంబంధము గలవారు. రాజవంశమునకు పరంపరగా సేవచేసిన భృత్యులు. వీరి వివాహములలో వధూవరులు వీథులయందు గుఱ్ఱముమీఁద ఊరేగవచ్చును. వివాహోత్సవము ముగిసినపిదప వారు ఒక వస్త్రద్వయమును రాజపాదములకడ నుంచి సాష్టాంగపడఁగా, వారికి బంగారుపాత్రలో తాంబూలమీయవలెను. శాసనముయొక్క సారమిది.

రాజవంశజులని యెక్కడను లేదు. భృత్యులని యున్నది. మొదట చదువఁగానే నాకు మనస్సు చివుక్కుమన్నదని దాఁచుట యెందుకు? ఇరువది రెండేండ్లు సభలలో చెప్పిన మాట యొక్క పంక్తిలో కూలిపోయినది. మఱునాఁడు మరల చదివితిని. అప్పుడు వేఱొక సంగతి కంటఁబడినది. తొమ్మిదివందల సంవత్సరములకు పూర్వము వేంగీపాలకుఁడొకఁడు, రాగిఱేకులపైఁ జెక్కించి, ఒక సమూహము పెండ్లిలో గుఱ్ఱమెక్కు హక్కును ప్రకటించెను. ఆ హక్కు సామాన్యముగ నందఱకు నుండినయెడల రాగిపై చెక్కింప నవసరమేమి? ఒకరికి మర్యాదయని చెక్కించినారనఁగా తక్కినవారికి లేదనుటయే. ఆ గౌరవమునకు మనము గర్వింపవచ్చును గాని, ఆ వీథిప్రక్కన నిలిచి చూచినవారిని మఱచిపోయి గర్వించుట నాకు సరిపడలేదు. నేఁటికిని గుఱ్ఱమెక్కిన పెండ్లికొడుకును దింపివేసిరన్న వార్త పత్రికలలో నప్పుడప్పుడు చదువుచునే యున్నాము గదా.

అయోధ్యమాట యెక్కడనుండి వచ్చినది? శాసనమునందే కలదు, కాని రాజుల వంశావళిలో. అయోధ్యనేలిన చంద్రవంశపు రాజులలో విజయాదిత్యుఁడొకఁడు దక్షిణాపథమునకు దండెత్తివచ్చి త్రిలోచనపల్లవునితో యుద్ధమున మరణించెననియు, గర్భవతియైన యాతని రాణికి ముడివేమను అగ్రహారమున విష్ణుభట్టసోమయాజి యాశ్రయమిచ్చెననియు, ఆమెకుఁ బుట్టిన విష్ణువర్ధనుఁడు చాళుక్యరాజ్యము స్థాపించెననియు కథ. తెలికుల సేవ యీ రాజవంశముతో ముడివడియున్నందున, వంశావళిలోని యయోధ్య కాలక్రమమున మన పుస్తకములలో మన యయోధ్యయైనది. రాజునకు చెందిన శ్లోకమును పరివారమునకు అన్వయించితిమి. వ్యాకరణమున దీనిని అన్వయదోషమందురు. నేను తరగతిలో వేయిసారులు దిద్దిన తప్పిది.

రాజుల విషయముననైనను ఆ కథ చరిత్రమగునా? ఇక్కడ డేటాబేసు నిజముగ నుపకరించినది. తూర్పుచాళుక్యుల శాసనములను కాలక్రమమున నొకచోటఁ జేర్చి చదువుట మా కాలమున దుర్లభము. నేఁడు రెండు మూఁడు వారముల పని. అట్లు చదువఁగా, ఏడవ శతాబ్దమునుండి పదవ శతాబ్దమువఱకు నున్న శాసనములలో వంశకథ సామాన్యముగ కుబ్జవిష్ణువర్ధనునితో, అనఁగా బాదామినేలిన రెండవ పులకేశి తమ్మునితో, ప్రారంభమగును. అయోధ్య లేదు, త్రిలోచనపల్లవుఁడు లేఁడు. అయోధ్యకథ విస్తారముగఁ గనఁబడునది విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమున. ఆ రాజు 1011లో రాజ్యమునకు వచ్చెను. వెంకయ్యగారు ప్రకటించిన యా శాసనము టేకిశాసనమున్న ఆఱవ సంపుటమందే యున్నది! నాలుగువందల యేండ్లు రాజ్యము చేసినపిదప రాజవంశమునకే పూర్వకథ యొకటి కావలసివచ్చినది. రాజులే అట్లు చేసికొనఁగా, రాజులను చూచి మనము చేసికొంటిమి. ఈ మాట క్షమింపఁదగినదే కాని ప్రమాణము కాదు.

ఇంకొక సందేహము కలదు. టేకిశాసనపు తెలికులు గానుగ త్రిప్పినవారేనా? శాసనము ప్రధానముగఁ జెప్పునది సేవయు మర్యాదలును. వృత్తివర్ణనము దాని యుద్దేశము కాదు. తెలిక యను మాటకు నూనెతీయు జాతియని బ్రౌనుదొర నిఘంటువు చెప్పుచున్నది. సంస్కృతమున తైలికశబ్దముతోడి పోలిక స్పష్టము. కాని బ్రౌను పందొమ్మిదవ శతాబ్దమువాఁడు. 1909లో థర్స్టను ప్రకటించిన దక్షిణభారత జాతుల గ్రంథమునుగూడ మనవారు తఱచుగ నుదాహరింతురు. అది యాతని కాలపు మాటలకు సాక్ష్యమే కాని 1086 నాఁటికి కాదు. కాఁబట్టి పేరుయొక్క సామ్యమునుబట్టియు, పరంపరనుబట్టియు వారు మన పూర్వులని చెప్పుట సంభావ్యము. సిద్ధమని యిప్పుడు వ్రాయను.

ఈ సందేహమే నన్ను మఱియొక దిక్కునకు మరల్చినది. రాజులను విడిచి నూనెను వెదకిన నేమగును? కులనామమునకు బదులు వృత్తినామమును ఆయా భాషలలో వ్రాసి వెదకితిని: సంస్కృతమున తైలిక, తిలపిషక, కన్నడమున తెల్లిగ, తమిళమున శంకరపాడి. భాండారము మొదటిసారి నా యెదుట పూర్తిగ తెఱచుకొన్నట్లైనది. కర్ణాటకశాసనములలో తెల్లిగ ఐవత్తొక్కలు, అనఁగా ఏఁబది కుటుంబముల తైలికులు, దేవాలయములకు దానములు చేయుచు మాటిమాటికిఁ గనఁబడుదురు. మనకు వేవురు, వారికి ఏఁబది. సంఖ్యతో సంఘమును చెప్పుట ఆనాఁటి యాచారము. చోళదేశమున శంకరపాడివారు నూనెవర్తకులు. నాసికలోని గుహాశాసనమొకటి, ఆభీరరాజైన ఈశ్వరసేనుని కాలపుది, రోగులైన భిక్షువుల యౌషధములకై కొంత ధనమును తిలపిషకశ్రేణికడ, అనఁగా నువ్వులు గానుగాడువారి సంఘముకడ, వడ్డీకి నిలువయుంచినట్లు చెప్పును.

నాకు మిక్కిలి నచ్చినది మధ్యయుగమునకుఁ గొంత పూర్వపుది; అయినను చెప్పక విడువలేను. గుప్తచక్రవర్తియైన స్కందగుప్తుని కాలపు ఇందోరు తామ్రశాసనము. ఇందోరనఁగా మధ్యప్రదేశపు మహానగరము కాదు. ఉత్తరప్రదేశమున బులందషహరు మండలములోని యొక చిన్న గ్రామము. ఈ పేరుతోను నేనొక వారము మోసపోయితిని. గుప్తశకము 146, అనఁగా 465–66. దేవవిష్ణువను బ్రాహ్మణుఁడు సూర్యాలయమున దీపమునకై కొంత మూలధనమును ఇంద్రపురపు తైలికశ్రేణి కప్పగించెను. ఆ శ్రేణికి ముఖ్యుఁడు జీవంతుఁడు. వారు దినమునకు రెండు పలముల నూనె నీయవలెను. శ్రేణి యా యూరు విడిచిపోయినను, ఐకమత్యముతో నున్నంతవఱకు ఆ ధర్మము వారిదే. ఫ్లీటుదొర 1888లో దీనిని ప్రకటించెను. ఆలోచింపుఁడు: సంఘము ఊరు విడిచిపోయినను బాకీ తీర్చునని నమ్మి ధనమిచ్చినవాఁడొకఁడు; ఆ నమ్మకమును రాగిపై చెక్కించుకొన్నవారు మనవంటి గానుగవారు. ఇట్టి సాక్ష్యము వంశవృక్షములలో నెక్కడ దొరకును?

మధ్యయుగమునకే వత్తము. గ్వాలియరు కోటలో విక్రమశకము 933, అనఁగా 876–77 నాఁటి శాసనమున్నది. ఎపిగ్రాఫియా ఇండికా తొలిసంపుటమందు హుల్ట్జే దానిని ప్రకటించెను. తైలికముఖ్యులు పలువురు, తండ్రిపేరుతో సహా, ఒక్కొక్కరుగ పేర్కొనఁబడిరి. గానుగ యొక్కంటికి నెలకొక పలిక నూనె దేవదీపమున కీయవలెనని యేర్పాటు. గానుగకు అందు వాడిన మాట కోల్హుక. హిందీవారు నేఁటికిని గానుగను కోల్హూ అందురు. మహారాజుల పేరులు వేనవేలు నిలిచియున్నవి. పదునొకండు వందల యేండ్లనాఁటి గానుగవాని పేరు, వాని తండ్రిపేరు నిలిచియుండుట యెంత యరుదు! ఆ పేరులు చదువునప్పుడు నాకు మా తాతగారి గానుగ, ఎద్దుకంటి గంతలు, చెక్క కిఱ్ఱుమను చప్పుడు స్ఫురించినవి. మా తాతగారికి అయోధ్యమాట తెలియదు. దేవాలయపు దీపమునకు నూనె కొలుచునప్పుడు మాత్రము గిద్దెపైన చుక్క యెక్కువ వేసెడివారు.

ఈ వెదకులాట నడుమ జరిగిన యొక హాస్యకథనుగూడ వ్రాయవలెను. ప్రశ్న యడిగిన వెంటనే వ్యాసము వ్రాసియిచ్చు యంత్రములు ఈ సంవత్సరములలో వచ్చినవి. మన యువకసభ్యుఁడొకఁడు ఉత్సాహముతో అట్టి యంత్రము నడిగి, తెలికులు రాజ్యమేలిరని చెప్పు శాసనమొకటి కలదనియు, దాని సంపుటసంఖ్య, పుటసంఖ్య, ప్రకటించిన పండితుని పేరు ఇవియనియు నాకు వ్రాసి పంపెను. నా పాత వ్యాసములో లేని పుటసంఖ్య ఆ యంత్రమున కున్నది గదా యని నేను సిగ్గుపడి సంపుటము తెఱచి చూచితిని. సంపుటము నిజము. పుట నిజము. ఆ పుటలో నున్నది వేఱొక ప్రాంతపు వేఱొక శాసనము. తెలికులను మాటయే లేదు. యంత్రము అబద్ధమాడెనని యువకుఁడు కోపగించుకొనెను. నేను కోపింపలేకపోయితిని. వినఁగోరినదానిని వినువానికి చెప్పుట యంత్రము నేర్చిన విద్య. ఇరువది రెండేండ్ల క్రిందట నేను చేసినదియు నదియే. అప్పటినుండి యెవరేమి పంపినను మూలపుటను కన్నులఁ జూచినఁగాని నా నోటుపుస్తకమున వ్రాయుట మానితిని.

"రాజవంశము కాదన్నయెడల సంఘము చిన్నవోదా?" యని యొక పెద్దమనుష్యుఁడు నన్నడిగెను. వారు మన పోషకులు, ఉదారులు. సభాద్వారపు పటమునకు వ్యయమును భరించినవారు. వారికి నేను కాకతీయుల మాట చెప్పితిని. ఓరుగల్లునేలిన యా రాజులు తమ శాసనములలో పెక్కింట తాము చతుర్థవర్ణజులమని వెనుదీయక చెప్పుకొనిరి. సూర్యవంశమని చెప్పు శాసనములు కొన్ని మాత్రమే. గణపతిదేవుని 1244 నాఁటి మోటుపల్లి శాసనము వానిలో నొకటి. సింథియా టాల్బటు అను నమెరికా విదుషీమణి కాకతీయకాలపు శాసనములను పెద్దసంఖ్యలో పరిశీలించి 2001లో ప్రకటించిన గ్రంథమున, ఆనాఁటి జనులు వర్ణమును, జాతిని శాసనములలో చెప్పుకొనుట మిక్కిలి తక్కువయనియు, వృత్తి, పదవి, బిరుదములవలననే తఱచుగ తమ్ము తాము చెప్పుకొనిరనియు నిరూపించెను. మనము నేఁటి కులనామమును చేతఁబట్టుకొని ఏడెనిమిది శతాబ్దముల వెనుకకు పోయి తలుపుతట్టినయెడల, లోపలివారికి మనమెవరిని పిలుచుచున్నామో యర్థము కాకపోవచ్చును. పెద్దమనుష్యులు కొంతసేపు మౌనము వహించి, "మఱి పటముమీఁద నేమి వ్రాయింతము?" అనిరి. గానుగబొమ్మయు, దీపమును వేయింపుఁడంటిని. ఇంకను నిర్ణయము కాలేదు.

కాఁబట్టి, నా పాత వ్యాసములోని రాజవంశవాక్యములను ఇందుమూలముగ నేను ఉపసంహరించుకొనుచున్నాను. వానిని పునర్ముద్రింపవలదని సంపాదకులను ప్రార్థించుచున్నాను. సంచిక ముఖపుటకు వెనుక ప్రతి వర్షమును అచ్చువేయు వంశవృక్షమునకు మూలము నేను పదునొకండు నెలలు వెదకియు కానలేదు. చూచినవారు చూపినయెడల కృతజ్ఞుఁడను.

వెదకఁదగినది యింకొకటి మిగిలియున్నది. టేకిశాసనమున తెలికికుటుంబముల శాఖలు పేరులతో చెప్పఁబడినవి: వెలుమనూళ్లు, పత్తిపాలు, మఱ్ఱూళ్లు, అనుమగొండలు, అద్దనూళ్లు మొదలగునవి. ఇవి ఊరిపేరులనుండి పుట్టిన యింటిపేరులవలె నున్నవి. అనుమగొండ యనఁగా నేఁటి హనుమకొండయే కావచ్చును. అట్లయిన ఆ యూరి పేరుతో నొక కుటుంబము అప్పటికే వేంగిలో స్థిరపడియున్నదన్నమాట. మన జిల్లాశాఖల సభ్యుల పట్టికలను తెప్పించి, ఇట్టి యింటిపేరులవా రెవరైన నున్నారేమో చూచుచున్నాను. ఇప్పటికి ఒక్కటియు సరిపోలలేదు. తొమ్మిది శతాబ్దములలో పేరులు మాఱియుండును. లేదా నేను సరిగా వెదకలేదు. సభలకు వచ్చిన వృద్ధులు తమ యింటిపేరును, తెలిసినంతవఱకు పూర్వపుటూరిని ఒక కాగితముమీఁద వ్రాసి స్వాగతసంఘమువారి కిచ్చిన మేలు.

నేను చూచిన పుటలన్నిటికిని ప్రతులు తీయించి, సంపుటము, పుట, సంవత్సరము పైభాగమున వ్రాసి, కట్టగఁ గట్టి వసతిగృహపు పఠనమందిరములోని బీరువాయందుంచితిని. చదువఁగోరువారు ఆ చిన్నవానినే యడుగవలెను. తాళపుచెవి వానియొద్ద నున్నది.